చాచా కట్టిన గోనెసంచి

మొన్న ఆదివారం అమీన్‌పూర్‌లో మా అపార్ట్‌మెంటుకు పాత ఇనుము కొనేవాడు వస్తే, పార్కింగ్ మూలన తొమ్మిదేళ్ళుగా పడి ఉన్న గోనెసంచిని బయటికి లాగాను. దాని పక్కనే, గుడ్డ కప్పుకుని, నా ఎర్ర స్పోర్ట్స్ కారు ఉంటుంది. రెండు తలుపులది, వయసులో నాకంటే కాస్తే చిన్నది. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, అందులోంచి దిగడానికి ఇప్పుడు నాకెవరైనా చెయ్యందించాలి. సంచి మూతికి ఇనుప తీగ మెలేసి ఉంది. ఆ మెలిక చూడగానే పటాన్‌చెరు చాచా గుర్తొచ్చాడు. నా కారు బాగుచేసి ఆ సంచి కట్టింది ఆయనే. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ విప్పలేదు.

ముందు నా గుణం చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం చేశాను. వచ్చిన ప్రతి సరుకునూ కొలిచి, గీకి, అనుమానించి తీసుకోవడమే నా పని. రిటైరైన రోజు కొలత సాధనాలన్నీ అప్పగించాను గాని అనుమానం మాత్రం నాతోనే ఇంటికొచ్చింది. కోడిగుడ్డు మీద ఈకలు పీకే అల్లుడని అత్తగారింట్లో నాకు పేరు. అలాంటివాడికి ఇలాంటి కారు దొరికింది. వెనక చక్రాలను తిప్పే దాని యాక్సిళ్ళు మరీ నాజూకువి, వాటి జాయింట్లు మూడుసార్లు విరిగాయి. మూడోసారి ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మ దర్శనానికి పోతూ దారిలో ఆగిపోతే, మా ఆవిడ పట్టుచీర కొంగు బిగించి కారు తోసింది. "ఇగ ఈ బండి ఎక్కితే ఒట్టు" అంది. ఆమెను మళ్ళీ ఎక్కించడానికే గట్టి సీవీ యాక్సిళ్ళు ఒక జత విదేశం నుంచి తెప్పించాను. వాటి జాయింట్లలో ఉక్కు గుండ్లు, గుండ్ల చుట్టూ గ్రీజు, దాని మీద రబ్బరు తొడుగు ఉంటాయి. లోపల ఇసుక పడకుండా ఉంటే చాలు, మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతాయి.

అవి మా కారుకు అతకాలంటే మధ్యలో ఉక్కు బిళ్ళలు ఇనుమును చెక్కే లేతు యంత్రం మీద చేయించాలి. ఇస్నాపూర్ దగ్గర ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసే మా బావమరిది చాచా పేరు చెప్పాడు. ఆ ఫ్యాక్టరీ పనులతోనే చాచా లేతు తిరిగేది. ఆయనకో పద్ధతి ఉంది. మార్చిన ప్రతి పాత ముక్కనూ, విరిగిన బోల్టుతో సహా, గోనెసంచిలో కట్టి యజమానికే ఇస్తాడు, కొత్తవి వేశానని సాక్ష్యంగా. ఆ సందుల్లో పనివాడికి బోర్డు ఉండదు, మంచిపేరే ఉంటుంది. చెయ్యి మంచిది కాదని ఒక్క మాట పుడితే షట్టరు దించుకోవాల్సిందే. ఈ సంగతి నాకు బాగా తెలుసు.

తెలిసీ నమ్మలేదు. విదేశీ సరుకు దాచుకుని నకిలీవి బిగిస్తే? ఇవ్వడానికి ముందురోజు బాల్కనీలో కూర్చుని, ఒక యాక్సిల్ రబ్బరు తొడుగు పట్టీ విప్పి, లోపలి జాయింటు మీద మా ఆవిడ గోళ్ళరంగుతో ఎర్రగా ఒక గీత పెట్టాను. పక్క ప్లాట్లో ఇల్లు కడుతున్నారు, ఇసుక దుమ్ము లేస్తోంది. పట్టీని పట్టకారుతో మళ్ళీ బిగించాను. ఎంత తెలివైనవాణ్ణో అని మురిసిపోయాను కూడా.

చాచా నాలుగు రోజులు తీసుకున్నాడు. "మీరు నిలబడి సూస్తుంటే నాకు చెయ్యి ఆడది సాబ్" అని నన్ను పంపేశాడు. అదొక అనుమానం. కారూ, ఆయన కట్టిచ్చిన సంచీ ఇంటికి తెచ్చి, తొడుగు ఎత్తి చూస్తే గీత లేదు. మర్నాడే వెళ్ళి, లోపలి గుర్తు ఏమైందని అడిగాను. అక్కడ మరో ముగ్గురు గిరాకీలు చాయ్ తాగుతున్నారు. చాచా వాళ్ళ వైపోసారి చూసి, గొంతు తగ్గించి, "లోపల మొత్తం కడిగి పెట్టిన సాబ్. ఎందుకో సంచిల ఉంది, ఇంటికి పోయి జెర సూస్కోండి" అన్నాడు. కొత్త సామాను ఎవరైనా కడుగుతారా? దొంగ దొరికాడనుకున్నాను. సంచి విప్పే ఓపిక కూడా లేకపోయింది. ఆ సాయంత్రమే బావమరిదితో "ఆయన చెయ్యి మంచిది కాదు" అన్నాను. అంతే అన్నాను.

చాచాకు ఫ్యాక్టరీ పనులు ఆగిపోయాయి. కొన్ని నెలలకు చాచా లేతు అమ్ముకుని జహీరాబాద్‌లో బిడ్డ ఇంటికి పోయాడని విన్నాను. షట్టరు వెనక ఇప్పుడు టైల్స్ దుకాణం నడుస్తోంది. కారు మాత్రం ఒక్కసారీ ఆగలేదు. మా ఆవిడ ఒట్టు తీసి గట్టున పెట్టి ఏటా భవానమ్మ దగ్గరికి అందులోనే వస్తోంది. నకిలీవే ఇంత గట్టివైతే అసలువి ఇంకెంత గట్టివో అని నేను ప్రతి ఏడూ కుళ్ళుకుంటూనే ఉన్నాను.

మొన్న తీగ విప్పాను. రెండు పాత యాక్సిళ్ళు. వాటితోపాటు ఒక రబ్బరు తొడుగు పట్టీ, దాని మీద నా పట్టకారు పళ్ళ గాట్లు. ఒక అగ్గిపెట్టె. తెరిస్తే గ్రీజులో ముద్దకట్టిన చిటికెడు ఇసుక, రెండు ఎర్రటి పెచ్చులు. మా ఆవిడ వంగి చూసింది.

"ఇది నా గోళ్ళరంగు లెక్కుంది. చాచా కాడికెట్ల పోయింది?"

చెప్పాను. ఆమె అగ్గిపెట్టె మూసి నా చేతిలో పెట్టింది. తర్వాత "ముసలాయన పొట్టమీద కొట్టిండ్రు గదా" అంది. అవును, కొట్టాను. నేను తొడుగు విప్పినప్పుడు లోపల పడ్డ ఇసుకను కడిగితేనే గీత కూడా పోయింది. ఆ ఇసుక ఎవరి పనో చాచాకు తెలుసు. నలుగురిలో నా పరువు తీయడం ఇష్టంలేక సంచిలో పెట్టి ఇచ్చాడు.

వెంటనే బావమరిదికి ఫోన్ చేసి, చాచా గురించి ఆరోజు నేనన్నది తప్పని చెప్పాను.

"ఏ చాచా బావా?" అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. రేపు పొద్దున అగ్గిపెట్టె జేబులో వేసుకుని అదే కారులో జహీరాబాద్ పోతున్నాను, చాచా ఉన్నాడో లేడో తెలియదు. తొమ్మిదేళ్ళు బావమరిదికి ఆ మాటను మరిచిపోవడానికి సరిపోయాయి, నాకు ఒక సంచి మూతి విప్పడానికి పట్టాయి.