డయల్ టోన్ లేదన్న శుక్రవారం

ఇప్పుడు మా వీధిలో ప్రతి జేబులోనూ నెట్ ఉంది. అప్పట్లో ప్రొద్దుటూరులోని ఆ సందుకంతా రెండే ఫోన్లు. ఒకటి మా ఇంట్లో, ఇంకొకటి ఎదురుగా బట్టల అంగట్లో.

పక్కింటి దర్జీ కొడుకు కువైట్‌లో డ్రైవరు. శుక్రవారాలు మా నంబరుకే ఫోన్ చేసేవాడు. అతను అక్కడికి వెళ్లాక ఇక్కడ కూతురు పుట్టింది. బిడ్డ ఫోటోను స్టూడియోలో స్కాన్ చేయించి, ఫ్లాపీలో తెచ్చి నా చేతికిచ్చారు. ఆ శుక్రవారం జుమ్మా నమాజు కాగానే అక్కడి ఇంటర్నెట్ సెంటరుకు పోయి బిడ్డను చూసుకుంటానన్నాడు. అంతలోగా నేను మెయిల్ పంపాలి.

నా కంప్యూటర్‌లో లినక్స్ ఉండేది. వైరస్‌ల బాధ పడలేక, పత్రికతో వచ్చిన సీడీ నుంచి ఎక్కించుకున్నాను. అప్పట్లో నెట్ మోడెమ్ ద్వారా ఫోను లైను మీదే వచ్చేది; ముందు వారం బాగానే కలిసింది. ఆరోజు మాత్రం ఎన్నిసార్లు డయల్ చేయించినా తెరమీద ఒకటే మాట: డయల్ టోన్ లేదు.

నాకొక పద్ధతి ఉంది. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూస్తాను. తీగ మార్చాను. మోడెమ్‌ను ఆపి మళ్లీ వేశాను. ఇంకో పోర్టుకు తగిలించాను. ఆ వారం లినక్స్‌లో కొత్తగా ఎక్కించినవన్నీ ఒక్కొక్కటే తీసేశాను. ఏదీ పనిచేయలేదు. దర్జీ భార్య మనవరాలిని ఒళ్లో వేసుకుని నా వెనకాలే కూర్చుంది. చూసి చూసి రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకుంది.

"కూత వస్తాంది కదా సారూ. నీ పెట్టెకు చెవుడేమో."

నేనూ విన్నాను. కూత వస్తోంది, కానీ ఎప్పటిలా ఏకధారగా కాదు, తెగి తెగి వస్తోంది. మోడెమ్ ఎరిగింది ఏకధారగా వచ్చే కూతనే. ఇది ఎందుకిట్లా తెగుతోందని పైకే అనుకుంటుంటే, వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది.

"మనకొచ్చే ఫోన్లన్నీ అంగడికి పోయేటట్లు నేనే పెట్టించినా. ఆ పిల్లోడు చేసినప్పుడంతా నువ్వు నెట్టులో ఉంటావు. ఎంగేజి తప్ప ఏమీ యినపడదని ఏడుస్తాండాడు."

ఆ వారం మా ఇంటికి ఒక్క ఫోనూ ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. అలా ఫార్వర్డింగ్ పెట్టిన లైనులో, గుర్తుగా, కూత తెగి తెగి వస్తుంది. అంగడాయన నన్ను ఫోనుకు పిలిచిపిలిచి విసిగిపోయాడని కూడా ఆవిడే చెప్పింది. చెవుడు పెట్టెకు కాదులే అని దర్జీ భార్య నవ్వింది.

ఫార్వర్డింగ్ తీసేస్తే సరిపోయేది. కానీ అది ఆ పిల్లవాడి కోసం పెట్టింది, తీయబుద్ధి కాలేదు. టోన్ కోసం ఆగకుండా నంబరు తిప్పమని మోడెమ్‌కు చెప్పే ఆదేశం ఒకటుంది. డయలింగ్ సెట్టింగులున్న ఫైలులో ఆ చిన్న ముక్క చేర్చాను. మోడెమ్ కీచుకీచుమని గోల చేసి కలిసింది. ఫోటో నింపాదిగా పోయింది.

నేనింకా లైను పట్టుకుని మిగతా మెయిళ్లు చూసుకుంటుండగానే, ఎదురుగా అంగట్లో ఫోన్ మోగింది. అంగడాయన వాకిట్లోకి వచ్చి చేతులూపాడు. దర్జీ భార్య బిడ్డను ఎత్తుకుని పరుగెత్తింది. తిరిగి వచ్చేటప్పటికి మొహమంతా నవ్వే.

"ముక్కు వాళ్లబ్బదంట సారూ, మా ఆయనది. నాదని ఎంత చెప్పినా పిల్లోడు ఒప్పుకోడు."