రెండు పోగులు ఒకటి

తిరువళ్లూరులో మాట సరిగా రాని పిల్లల కోసం ఒక చిన్న బడి ఉందని, పదేళ్లు దాటితే అక్కడ చేర్చుకోరని మా ఊరి అయ్యవారు చెప్పేనాటికి మా పాపకు తొమ్మిదేళ్లా ఎనిమిది నెలలు. ఎనభైల మొదటి రోజులవి. మా అత్తిమంజేరిపేట బడి పాపను అప్పటికే రెండుసార్లు ఇంటికి పంపేసింది. మిగిలింది ఆ ఒక్క చోటు, నాలుగు నెలలు.

పది పన్నెండు మాటలకు మించి పలకని పాపకు లెక్క మాత్రం వచ్చు. నేర్పింది నేనే. నేను చదివింది మూడో తరగతి. నాకు తెలిసిన లెక్కంతా మగ్గం దగ్గర వచ్చిందే. పడుగు పోగులను, అంటే నిలువు దారాలను, దువ్వెనలాంటి అచ్చులోకి ఎక్కించేటప్పుడు, దాని పళ్ల మధ్య సందుల్లో ఒక్కోదానికి రెండేసి పోగులు పోతాయి. మేము లెక్కపెట్టేది సందులనే. రెండు పోగులు దూరితే ఒకటి, ఇంకో రెండు దూరితే రెండు. పాప పక్కన కూర్చుని పోగులు అందించేది, నేను అన్న అంకె తానూ అనేది. ఏడాదిన్నర తర్వాత ఒక ఉదయం నేను నోరు తెరవకముందే ఇరవై దాకా పోయింది. నా భార్య పొయ్యి దగ్గరనుంచి గరిటెతోనే వచ్చి నిలబడింది.

"ఏం బావా, పాపను బ్యాంకులో పెడ్తావా ఏంది?" అన్నాడు నా బావమరిది. అయినా ఇంకోసారి ఇరవై దాకా చెప్పించుకునే వెళ్లాడు.

ఆ ధైర్యంతో నేనూ నా భార్యా పాపా ముగ్గురం తిరుత్తణిలో బస్సు మారి, కనకమ్మ సత్రం మీదుగా తిరువళ్లూరు చేరాం. అక్కడి టీచరమ్మ పట్టాభిరామ్ నుంచి రోజూ రైల్లో వచ్చేది, మన తెలుగే మాట్లాడేది. బల్ల మీద చింతగింజలు పోసి, ఆరు ఇవ్వమంది. పాప రెండు గింజలు జరిపి ఒకటి అంది. ఇంకో రెండు జరిపి రెండు అంది. ఆరు అనేసరికి టీచరమ్మ ముందు పన్నెండు గింజలున్నాయి. పాప నా వైపు చూసి నవ్వింది. నేను నేర్పింది నేర్పినట్టే చేసింది.

నేను మగ్గం సంగతి చెప్పుకున్నాను. టీచరమ్మ ఓపికగా విన్నది.

"నాకు అర్థమాయె అన్నా. కానీ చేర్చుకునేది పెద్ద మేడమ్. ఆమె ముందర ఆరంటే ఆరే ఉండాల. నెల దినాలు టైముంది, సరిచేసి పిల్చుకొని రాండి."

నెలకు ముప్పై రోజులు, రోజుకు నాలుగు సార్లు, నూట ఇరవై సార్లు చెబితే చాలని లెక్క వేసుకున్నాను. ఒక్క గింజ పెట్టి ఒకటి అనేవాణ్ణి. పాప దానికి జత వెతికేది. నేను జత తీసేస్తే మళ్లీ తెచ్చి పెట్టేది. వేళ్లు పట్టుకుని ఆపితే ఏడ్చేది. పదకొండో రోజు ఆ వేళ్ల మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. ఆనాటినుంచి పాప గింజలను ముట్టలేదు, అచ్చు దగ్గరికీ రాలేదు. మిగిలిన పంతొమ్మిది రోజులూ బతిమాలాను.

నెల తిరిగాక మళ్లీ తిరువళ్లూరు వెళ్తే, పెద్ద మేడమ్ గింజలు పోసి ఆరు అడిగింది. పాప రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. మూడు అడిగింది. టీచరమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కటంటే ఒక్కటి ఇవ్వమని తెలుగులో అడిగింది. పాప ఆమెను చూడలేదు, నన్నే చూస్తోంది. వచ్చే ఏడు తీసుకురమ్మని మేడమ్ మెల్లగా చెప్పింది. వచ్చే ఏటికి పది దాటుతుందని నేనన్నాను. ఆమె పాప వయసు రాసిన కాగితం చూసి, పక్కన పెట్టేసింది.

తిరుగు బస్సు తిరువళ్లూరు దాటింది.

"రెండు పెట్టి ఒకటి అనేది గదయ్యా," అంది నా భార్య, కిటికీ వైపు తిరిగే. "అదన్నా ఉండె. దాన్ని గూడా తీసేస్తివే."

అట్లా వదిలినా చోటు దొరికేది కాదనుకున్నాను. పాప మా ఇద్దరి మధ్య కూర్చుని ఉంది. టికెట్టు డబ్బుల కోసం జేబువైపు నా చెయ్యి లేచినప్పుడు, తన వేళ్లను పిడికిలిలోకి దాచుకుంది.