రేకు వణకదు

రమాకుమారి గీత అంటే బెంగాలీ పుస్తకాల బజారు కాలేజ్ స్ట్రీట్‌లో ఒక పేరు. వెంట్రుకంత సన్నం, దానిమీద పల్చటి నీటిరంగు. ఇరవై రెండేళ్లు ఆ గీతతోనే పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసింది. పోయిన చలికాలంలో కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఇది పూర్తిగా తగ్గేది కాదన్నాడు డాక్టరు. ఇంకేముంది, ఆవిడ పని అయిపోయిందనుకున్నారు అందరూ. ఆవిడ మాత్రం అనుకోలేదు. మొండిఘటం!

అప్పటికి చేతిలో ఉన్నది ఒక ఏనుగుపిల్ల కథ. ప్రచురణకర్త అనిర్బాన్ మంచివాడే, కానీ వ్యాపారి. "పుస్తకాల మేళాకి బొమ్మలు రావాలి దీదీ. మీ వల్ల కాకపోతే చెప్పండి, ఇంకొకరిని చూస్తాను" అన్నాడు బెంగాలీలో. ఇంకొకరు! ఆ మాట ఆవిడకు చెంపమీద కొట్టినట్టు తగిలింది.

సంత్రాగాఛిలోని ఆవిడ ఇంట్లో రంగుల పని తెలిసినవాడు మరొకడున్నాడు, ఆవిడ తండ్రి గవరయ్య. శ్రీకాకుళం నుంచి వచ్చి, లిలువా రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు వ్యాగన్ల మీద నంబర్లు వేశాడు. కూతురు చింపి పారేసిన కాగితాలు ఏరీ ఏరీ ఒకరోజు ఆయనకు విసుగొచ్చింది. మంచం కిందినుంచి అంకెల ఆకారంలో చిల్లులు కోసిన పాత రేకులు బయటికి లాగాడు.

"ఏటే అమ్మా ఈ ఏడుపు? మాఘమాసం సలికి నా సెయ్యి వొణకలేదేటి? సెయ్యి వొణుకుతాది. రేకు వొణకదు. రేకెట్టి రంగద్దు."

"నంబర్లూ బొమ్మలూ ఒకటేనా నాన్నా?"

"ముందు అద్ది సూడు, తరవాత సెప్పు."

రేకు కోయడం కష్టమని ఆవిడ పాత ఎక్స్‌రే ఫిల్ములు తీసింది. ఏనుగు ఒంటికొకటి, కంటికొకటి. బ్లేడు కదపకుండా ఆనించి పట్టుకుని, ఫిల్మునే తిప్పమన్నాడు గవరయ్య. కన్నును సున్నాలా, లోపలొక గుండ్రం బయటొక గుండ్రం కోసింది. మధ్య ముక్క ఊడి ఒళ్లో పడింది. రంగు అద్దితే కన్నుకు బదులు నల్లటి మచ్చ మిగిలింది. ముసలాయన పడీ పడీ నవ్వాడు.

"సున్నా కొయ్యడం రాదేటే నీకు! పైనా కిందా కొయ్యకుండా రొండు కాడలు ఒగ్గీయాల, అప్పుడు మద్దె ముక్క ఊడిపోదు. నేనూ మొదటిరోజు ఒగ్గలేదు. వేగన్ మీద సున్నాకి బదులు గుమ్మడికాయ దించీసినాను. మేస్త్రీ తిట్టిన తిట్లు ఇప్పటికీ గేపకం."

నాలుగు నెలలు పట్టింది. తొమ్మిది పారేస్తే పదోది నిలిచేది. పల్చటి రంగులు పోయాయి. వాటి చోట వ్యాగన్ ఎరుపు, మసి నలుపు, ముద్దగా, నిబ్బరంగా. ప్రతి కంటి చుట్టూ ఉన్న నల్లటి సున్నాలో, కాడలు వదిలినచోట, పైనొక సందు, కిందొక సందు.

బొమ్మలకోసం అనిర్బాన్ ఇంటికే వచ్చాడు. చూసి నొసలు చిట్లించాడు.

"ఇవి మీ బొమ్మల్లా లేవు దీదీ. పైగా కళ్లన్నీ విరిగిపోయాయి. ఆ సందులైనా కుంచెతో పూడ్చండి. లేకపోతే నేను అచ్చు వేయలేను."

రమాకుమారికి ఒళ్లు మండింది. అయినా గొంతు పెంచలేదు. కుంచె నల్లరంగులో ముంచి ఆయన చేతికిచ్చింది.

"నా చెయ్యి వణుకుతుంది. మీది వణకదుగా, మీరే పూడ్చండి దాదా."

పంతానికి పోయి ఒక బొమ్మలో పూడ్చాడు అనిర్బాన్. అంతే! అప్పటిదాకా నవ్వబోతున్న ఏనుగుపిల్ల గుడ్లప్పగించి చూసింది. ఆయన పక్క బొమ్మ చూశాడు, మళ్లీ ఇది చూశాడు. కుంచె కింద పెట్టేశాడు.

"పాడుచేశాను," అన్నాడు మెల్లగా. "ఇప్పుడెలా?"

ఒళ్లు అద్ది ఆరబెట్టిన కాగితం ఇంకొకటి ఉంది. రమాకుమారి దానిమీద కంటి ఫిల్ము పెట్టింది. గవరయ్య అంచులు నొక్కిపట్టాడు. గుడ్డముద్ద రంగులో అద్ది, ఆ వణికే చేత్తోనే టపటపా కొట్టింది. ఫిల్ము ఎత్తితే అదే కన్ను, అవే రెండు సందులు.

"రంగు ఎక్కువైపోనాది," అని గొణిగాడు గవరయ్య.

అనిర్బాన్ సంచీ నేలమీద పెట్టి కుర్చీ లాక్కున్నాడు.

"ఆరడానికి ఎంతసేపు పడుతుంది దీదీ? అన్నీ పట్టుకునే వెళ్తాను."