ఖాకీ బట్టల్లో పుట్టింటికి

చలికాలం నిజంగా చలికాలంగానే ఉండే రోజులవి. పటాన్‌చెరులో మా కిరాయి ఇంటి రేకుల మీద పడ్డ మంచు పొద్దెక్కేదాకా చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉండేది. ఫ్యాక్టరీల పొగా, చెరువు మీది మంచూ కలిసిపోయి, ఉదయం షిఫ్టుకు వెళ్ళేవాళ్ళు ఒకరినొకరు ముఖం చూసి కాదు, సైకిలు బెల్లు విని గుర్తుపట్టేవారు. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే నేను కాస్త కలిపి చెబుతున్నానని అనుమానిస్తారు. నాకు ఆ అలవాటు లేదు. పెళ్ళికి ముందు నుంచీ డైరీ రాస్తున్నవాణ్ణి. ఏ రోజు ఏ కూర తిన్నానో కూడా అందులో ఉంటుంది. (ఆ కూర ఎలా ఉందో మాత్రం రాయను. డైరీ మా ఆవిడ కూడా చదువుతుంది.)

ఎనభయ్యో దశకం చివర్లో నేనొక ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతుల ప్లానింగు చూసేవాణ్ణి. ఏ యంత్రాన్ని ఏ పూట ఆపాలి, ఏ పూట విప్పాలి, మళ్ళీ ఏ పూట బిగించాలి అని ముందుగా రాసి గోడకు అంటించడం నా పని. యంత్రాలు నా కాగితాన్ని ఎప్పుడూ చదివేవి కావు, వాటికి బుద్ధి పుట్టినప్పుడు అవి ఆగేవి. అయినా నేను రాయడం మానలేదు గనుక సెక్షన్లో అందరూ నన్ను 'టైంటేబులు' అనేవారు. పెళ్ళయి ఎక్కువ కాలం కాలేదు. మా ఆవిడది బొంబాయి రోడ్డు మీద జహీరాబాద్ ఇంకా కొంత దూరం ఉందనగా లోపలికి తిరిగితే వచ్చే ఒక పల్లె. చెరకు, జామ పండే ఊరు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి బడిలో తరగతులు అయిపోయాక, పక్క ఊరి పెద్దబడికి వెళ్ళడానికి తండ్రిని సైకిలు అడిగిందట. "ఆడపిల్ల సైకిల్ తొక్కుకుంట రోడ్డెంబడి పోతే మన ఇంటి పరువేంగావాలె?" అన్నారట మా మామగారు. సైకిలు రాలేదు, చదువు ఆగిపోయింది. పటాన్‌చెరుకు కాపురానికి వచ్చిన కొత్తలోనే పక్కింటి నర్సమ్మగారి లేడీస్ సైకిలు అడిగి తెచ్చి నేర్పమంది. నేను వెనక సీటు పట్టుకుని రొప్పుతూ పరుగెత్తుతుంటే, రెండో రోజే వెనక్కి తిరిగి, "ఇగ ఇడువుండ్రి. మీరే నన్ను ఆపుతున్నరు" అంది. విడిచాను. ఆ తర్వాత ఆమెను పట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఈ వార్త మామగారి చెవిన పడింది. ఒక పెళ్ళిలో కలిసినప్పుడు బంధువులందరూ వింటుండగా, "పటాన్‌చెరుల ఏమన్న చేసుకో బిడ్డా, మన ఊరి పొలిమేరల మాత్రం సైకిలెక్కకు" అన్నారు. ఇంటికి వచ్చాక మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "మీ ఫ్యాక్టరీ షట్‌డౌన్ ఎప్పుడు?" అని అడిగింది.

"పుష్యమాసంలో. ఎందుకు?"

"అప్పుడు పోదాం. సైకిళ్ల మీద."

"యాడికి?"

"మా నాయిన ముంగటికి. ఆయన సూస్తుండంగ సైకిల్ దిగి, 'వచ్చిన నాయినా' అంట. లోపలికి రమ్మంటె సరే. పరువూ గిరువూ అని ఒక్క మాటన్నడంటె మంచినీళ్లు గూడ ముట్ట. అట్లనే తిరుగుడే. మళ్ల ఆ గడప తొక్క."

అట్లనే తిరుగుడు అంటే అంత దూరమూ మళ్ళీ తొక్కడం. నాకు ఆ గడప కన్నా ముందు నా తొడలు గుర్తుకొచ్చాయి. ఆమె ముఖంలోకి చూశాక గానీ గడప సంగతి తట్టలేదు. తండ్రంటే ఆమెకు ప్రాణం. ఊరు తలచుకుంటే అమ్మను కాదు, ఆయన్నే తలచుకునేది. అటువంటి మనిషి ఊరికే అనే మాట కాదది.

సరే, నాకు చేతనైన పని మొదలుపెట్టాను. ఎక్కడ ఆగాలి, ఎక్కడ చాయ్ తాగాలి, ఎక్కడ గాలి కొట్టించాలి, అంతా రాశాను. చలికి ఏం చేయాలన్నదొక్కటే తేలలేదు. మా బాయిలరు సెక్షను పెద్దాయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, ఫ్యాక్టరీలో అందరికీ బాబాయి. నేను కొత్త స్వెట్టర్ల సంగతి ఎత్తగానే ఆయన నవ్వాడు. "ఏవిట్రా అబ్బాయ్, స్వెట్టరేసుకుని సైకిలు తొక్కుతావా? గాలి దాంట్లోంచి దూరి అవతలికి పోతుందిరా! ఇదిగో, ఇవి తొడుక్కోండి." అని రెండు దళసరి ఖాకీ సూట్లు చేతిలో పెట్టాడు. మెడ నుంచి కాళ్ళ దాకా ఒకే ముక్కగా కుట్టినవి, బాయిలర్లోకి దిగేవాళ్ళు వేసుకునేవి.

"బాబాయ్, బాయిలర్ల వేడి ఉంటది. మేం పోయేది చలికి గదా."

"అంతా ఒకటేరా! బయటిది లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు."

బాబాయి సిద్ధాంతం నిజమేనని బయల్దేరిన పొద్దున్నే తెలిసింది. పంజాబీ డ్రెస్సు మీద ఖాకీ సూటు, తలకు మంకీ క్యాపు, చేతులకు ఫ్యాక్టరీ తోలు గ్లవ్సులతో మా ఆవిడ సైకిలెక్కితే, ఎదురింటి పాలాయన నాకు నమస్తే పెట్టి ఆమెను, "కొత్తగ వచ్చిండ్రా సారూ?" అని అడిగాడు. ఇస్నాపూర్ దాటాక గాలి మొదలైంది. ముక్కు ఉందో లేదో తడిమి చూసుకుంటూ తొక్కాను. కంది దగ్గర చాయ్ హోటల్లో ఒక సర్దార్జీ లారీ డ్రైవరు మమ్మల్ని చూసి జాలిపడి, "అరే భాయ్, సైకిల్ ఊపర్ డాల్ దో, జహీరాబాద్ ఛోడ్ దూంగా" అని, సైకిళ్ళు లారీ మీద వేస్తే అక్కడ దింపుతానన్నాడు. ఆ లారీ క్యాబిన్లో వెచ్చగా బొంత పరిచి ఉంది. నేను దానివైపు ఎంత ఆశగా చూశానో నాకు తెలియదు, మా ఆవిడకు తెలిసింది. "మేం తొక్కనీకి పోతున్నం భయ్యా, ఊరికి చేరనీకి కాదు" అని చెప్పి, నా చాయ్ గ్లాసు నా చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

ఆ సాయంత్రం సదాశివపేటలో వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో దిగాం. ఆమె తలుపు తీసి మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏందే, అల్లుణ్ణి ఫ్యాక్టరీల కెళ్లి అట్లనే గుంజుకొచ్చినవా? జెర స్నానమన్న చెయ్యనియ్యకపోతివి!" అంది. తెల్లారి బయల్దేరేటప్పుడు మా ఆవిడ సంచిలో పెట్టుకొచ్చిన ఆకుపచ్చ పట్టంచు చీర ఒకసారి తడిమి చూసుకుంది. ఊరి మలుపులో ఖాకీ విప్పేసి, ఆ చీర కట్టుకుని తండ్రి ముందు దిగాలని ఆమె ఆలోచన. కానీ పుష్యమాసపు చలి మనుషుల ఆలోచనల్ని లెక్కచేయదు. మలుపు దగ్గరికి వచ్చేసరికి మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు చక్రం కనిపిస్తోంది గానీ దారి కనిపించడం లేదు. ఆమె చేతివేళ్ళు కొంకర్లు పోయి బొత్తాలు విప్పలేకపోయింది. నన్ను విప్పమంటే నా వేళ్ళూ అంతే. "ఇంటి ముంగట మార్చుకుంట, పదండ్రి" అని పళ్ళు టకటకలాడిస్తూ ముందుకు సాగింది.

కొంత దూరం పోగానే కమ్మని బెల్లం వాసన వచ్చింది, దానితోపాటు గానుగ మోటారు చప్పుడు. "మా తోటనే!" అంది, సైకిలు దిగుతూ. "నాయిన గీడనే ఉంటడు." ఆమె అక్కడే నిలబడి ఊపిరి తీసుకుంది. పాపం, ఏం చెప్పాలో మనసులో కూడబెట్టుకుంటోందని నాకు అర్థమైంది. ఆమెను కదిలించడం ఎందుకని నేను నా పని చూసుకున్నాను. పక్కనే కరెంటు స్తంభం ఉంది. దాని మీద రంగుతో ఏదో నంబరు వేసి ఉంది. ఇక్కడిదాకా వచ్చామని డైరీలో రాసుకోవడానికి ఇంతకన్నా మంచి గుర్తు ఏముంటుంది? సైకిలు స్టాండు వేసి, జేబులోంచి డైరీ తీసి, తల ఎత్తి స్తంభాన్నీ, దాని మీది తీగల్నీ తీరిగ్గా చూస్తూ పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాను.

గానుగ చప్పుడు టక్కున ఆగిపోయింది. "కరెంటోళ్లురో! ఉరుకుండ్రి!" అని మంచులోంచి ఒక కేక. వెదురు కర్ర ఒకటి పైకి లేచి, తీగకు తగిలించిన కొక్కేన్ని లాగి కింద పడేసింది. ఆ వెనక కాళ్ళ చప్పుళ్ళు, చెరకు ఆకుల గరగర. మంచు తెర కాస్త విడిపోయి చూస్తే అక్కడ మనిషన్నవాడు లేడు. పెద్ద ఇనప పెనంలో చెరకు పాకం మాత్రం తనపాటికి తాను కుతకుతలాడుతోంది.

మా ఆవిడకు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ఖాకీ బట్టలు, సైకిళ్ళు, స్తంభం కింద రాసుకుంటున్న మొగుడు. ఆమె నా మీద అరవలేదు. పెనం వైపు పరుగెత్తింది. "పాకం ముదిరిపోతది! పొయ్యిల మంట గుంజుండ్రి, జల్దీ!" నేను ఇనప కడ్డీతో పొయ్యిలోంచి మండుతున్న చెరకు పిప్పిని బయటికి లాగాను. ఆమె పొడుగు గరిటె రెండు చేతులా పట్టుకుని పెనం చుట్టూ తిరుగుతూ కలియబెట్టింది. పక్కనున్న కుండెడు పచ్చి రసం తెచ్చి పోయమంది. పోశాను. (పటాన్‌చెరు వదిలాక నాకు మొదటిసారి వేడి తగిలిన క్షణం అది. ఇంకో పొయ్యి కూడా ఉంటే బాగుండుననిపించింది.)

అంతలో చెరకు తోటలోంచి దగ్గు వినిపించింది. బీడీ తాగేవాళ్ళ పొడి దగ్గు. మా ఆవిడ గరిటె ఆపింది. "నాయినా?" అంది మెల్లగా. దగ్గు మింగేసిన చప్పుడైంది. నాకు సాయం చేద్దామనిపించింది. గొంతు సవరించుకుని, ఆఫీసు గొంతుతో, "మామా, భయపడకుండ్రి. మేం కరెంటు డిపార్టుమెంటోళ్లం కాదు!" అని కేకవేశాను. కరెంటు డిపార్టుమెంటు వాళ్ళయినా సరిగ్గా ఆ మాటే అంటారన్న సంగతి నాకు తట్టలేదు.

చెరకులోంచి జవాబొచ్చింది. "మోటర్ నాది కాదు సారూ! నేను చెంబట్కకు బయటికొచ్చిన!"

"చెంబేది మరి?" అంది మా ఆవిడ, మగ గొంతు పెట్టి.

చెరకు ఆకులు కాస్త కదిలాయి. తర్వాత, "మర్శిపొయ్యొచ్చిన సారూ" అని చిన్న గొంతు.

ఇక ఆమె ఆపుకోలేకపోయింది. మంకీ క్యాపు లాగేసి, గరిటె పట్టుకుని, వంగిపోయి నవ్వింది. ఆ నవ్వు విని గొంగడి కప్పుకున్న తల ఒకటి చెరకు మధ్యలోంచి బయటికి వచ్చింది. ముఖం మీద ఆకులు గీసిన గీతలు, మీసాలకు మంచు. మా మామగారు కూతురి జడ చూశారు, ఖాకీ సూటు చూశారు, సైకిలు చూశారు.

"నువ్వా?"

"నేనే నాయినా. వచ్చిన."

"యాడికెళ్లి?"

"పటాన్‌చెరు కెళ్లి."

"గీ సైకిల్ మీదనా?"

"ఆ."

నవ్వు ఆగిపోయింది. ఆమె గరిటె కర్రను రెండు చేతులా గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆయన గొంగడి సర్దుకుని, పెద్దమనిషి గొంతు తెచ్చుకుని, "ఇట్ల సైకిలెక్కి ఊర్లకొస్తే మన ఇంటి..." అని మొదలుపెట్టారు. అప్పుడే కాలికి ఏదో తగిలి కిందికి చూశారు. కొక్కెం కట్టిన వెదురు కర్ర. ఆయన దానివైపు చూస్తూ ఉండిపోయారు. ఆ మాట అక్కడే ఆగింది. ఈలోగా పాకం చూసే పెద్దాయన చెరకులోంచి పాకుతూ వచ్చి, ఇదేమీ పట్టించుకోకుండా, గరిటె అందుకుని రెండు చుక్కలు నీళ్ళలో వేసి ఉండ కట్టి చూశాడు. "పాకం ఎవలు సూసిండ్రు? సక్కగున్నది. ఇగ దించొచ్చు."

"నా బిడ్డ" అన్నారు మామగారు.

ఎవరి వైపూ చూడకుండా అన్నారు. వెంటనే ఆ వెదురు కర్రను కాలితో చెరకులోకి నెట్టి, "మీటర్ కాలిపాయె బిడ్డా, చెరుకేమో ఎండవట్టె, ఏం జెయ్యమంటవ్?" అని గొణిగి, ఆమె సైకిలు దగ్గరికి వెళ్ళి సీటు మీది మంచు గొంగడి కొసతో తుడిచారు. "ఎక్కు. ఇంటిదాక తొక్కు. నేను ముంగట నడుస్త."

అలా మా ఆవిడ పుట్టింటికి ఊరేగింపుగా వెళ్ళింది. ఖాకీ సూటు విప్పే తీరికే లేకపోయింది. ముందు మామగారు, వెనక సైకిలు మీద ఆమె, ఆ వెనక రెండు సంచులూ మోస్తూ నేను. దారిలో కనిపించిన ప్రతి మనిషినీ ఆయన ఆపారు. "నా బిడ్డ. పటాన్‌చెరు కెళ్లి తొక్కుకుంటొచ్చింది." ఒకాయన నన్ను చూపించి, "గీయనెవరు?" అని అడిగితే, "ఎంబడి వచ్చిండు" అన్నారు. తిరుగు ప్రయాణంలో రోడ్డు మలుపుదాకా సాగనంపుతానని తన పాత సైకిలు తీశారు. మలుపు దగ్గర ఆగలేదు. బుధేరా దాకా అన్నారు, అక్కడా ఆగలేదు. చివరికి సదాశివపేట చిన్నమ్మకు కూడా ఆ మాట స్వయంగా చెప్పి, సైకిలు బస్సు మీద వేయించుకుని వెనక్కి వెళ్ళారు.

ఆయన ఇప్పుడు లేరు. కిష్టారెడ్డిపేటలో మా అపార్టుమెంటు కిటికీలోంచి, హెల్మెట్లు పెట్టుకుని గుంపులుగా సైకిళ్ళ మీద పోయే కుర్రవాళ్ళను చూస్తూ, ఆయన ఎందుకలా అందరినీ ఆపి చెప్పారోనని చాలాకాలం నవ్వుకున్నాను. మొన్న చలికాలం మా అమ్మాయి కారు నడుపుతూ మమ్మల్ని బీదర్ తీసుకువెళ్ళింది. టోల్‌గేటు దగ్గర ఆగగానే నేను కిటికీ దించి, తల బయటికి పెట్టి, అక్కడి కుర్రాడితో, "మా అమ్మాయి. పొద్దున్నుంచీ తనే నడుపుతోంది" అన్నాను. ఆ కుర్రాడు నన్నేమీ అడగలేదు. మా అమ్మాయి, "నాన్నా, ప్లీజ్!" అని గబగబా అద్దం ఎక్కించింది. వెనక సీట్లో మా ఆవిడ, తండ్రి పొడి దగ్గు ఒకటి దగ్గి, కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.