ఎస్తేరు మేడం వార్డులో పళ్లెం మోగితే

ఈ ఉదయం మా పిల్లల వార్డులో రౌండ్స్ మొదలుపెట్టామో లేదో, స్టీలు గ్లాసు ఒకటి ఖంగుమని నేల మీద పడింది. దొర్లుకుంటూ పోయి మంచం కోడుకి కొట్టుకుని ఆగింది. కొత్తగా శిక్షణకు వచ్చిన డాక్టరు ఉలిక్కిపడ్డాడు. నర్సు నడుం మీద చేతులు పెట్టుకుని "ఎవర్రా అది?" అంది. నాకు మాత్రం ఒళ్లంతా సంతోషం పాకింది. ఖమ్మంలో ఉన్నదాన్ని ఉన్నట్టే గోదావరి దాటేసి, భద్రాచలం అవతల అడవి అంచున ఉండే పాత ఆసుపత్రిలో, అక్కడి పిల్లల వార్డు పెద్ద డాక్టరు ఎస్తేరు మేడం పక్కన నిలబడ్డాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. పిల్లల వైద్యంలో ఎండీ పూర్తికాగానే, ఆసుపత్రిలో చేర్చిన పిల్లలను చూసుకోవడమే ప్రత్యేకంగా నేర్చుకుందామని ఏడాది ఫెలోషిప్‌కి అక్కడ చేరాను. మా కల్లూరులో చుట్టాలంతా నవ్వారు. డాక్టరైపోయాక మళ్లీ బడికి పోవడమేమిటని వాళ్ల అనుమానం. నిజం చెప్పాలంటే నాకూ లోపల అదే అనుమానం ఉండేది. పుస్తకాలన్నీ నోటికి వచ్చు, ఇంకేం మిగిలిందిలే అనుకుంటూ బస్సు దిగాను. మేడం పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. పాల్వంచ దగ్గర బొగ్గుగనుల క్వార్టర్లలో పుట్టి పెరిగారు. షిఫ్టు సైరన్లతో పోటీపడి పెరగడం వల్లనేమో, ఆవిడ మామూలుగా మాట్లాడినా వార్డు ఆ చివరకు వినిపించేది. మొదటిరోజు నన్ను ఎగాదిగా చూసి, నా మెడలోని స్టెతస్కోపు తీసి తలుపు పక్కన మేకుకు తగిలించేశారు.

"మొదలు కండ్లతోని చూడు తల్లీ. ఇది ఏడికీ పోదు," అన్నారు. తర్వాత నన్ను తీసుకెళ్లి తల్లుల మధ్య చాప మీద కూర్చోబెట్టారు. ఇస్త్రీ చేసిన కొత్త చీర నలిగిపోతోందని నా బాధ నాది.

ఆ వార్డులో ఒక వింత ఆచారం ఉండేది. పిల్ల అల్లరి చేస్తే తప్ప ఇంటికి పంపేవారు కాదు. జ్వరం దిగినా, రక్తపరీక్షలు బాగున్నా, మేడం అడిగే మాట ఒకటే: "ఏమన్నా పడగొట్టిందా?" పక్క మంచం వాడి అరటిపండు ఎత్తుకుపోవాలి, జావ ఒలకబోయాలి, నర్సు జడ పట్టి లాగాలి. అలాంటిదేదో జరిగితే మేడం కోటు జేబులోంచి పల్లీపట్టీ తీసి ముక్కలు చేసి వార్డంతా పంచేవారు. మొదట్లో పిల్లలను కొట్టబోయే తల్లులు, తర్వాత తర్వాత తామే పరుగెత్తుకొచ్చి "మేడం, మావోడు సెలైన్ స్టాండు తన్నిండు!" అని గర్వంగా చెప్పేవారు. ఒకరోజు ఎవరో నా చెప్పులో పెరుగన్నం పెట్టారు. నేను మండిపడుతుంటే మేడం కడుపు పట్టుకుని నవ్వి, "నీకు ఇయ్యాల జీతం ముట్టింది తల్లీ," అన్నారు. ఇదంతా ముసలావిడ చాదస్తం అనే నేను అనుకున్నాను, ముత్తి వచ్చేదాకా.

ముత్తికి ఐదేళ్లుంటాయేమో. లోపలి అడవి ఊరి నుంచి వాళ్ల తాత భుజాన వేసుకుని తెచ్చాడు. మలేరియా ముదిరింది. మందులు పడ్డాక జ్వరం దిగింది, రక్తం కూడా శుభ్రంగా ఉందని రిపోర్టు వచ్చింది. "జ్వరం పోయింది తాతా," అని చెప్పాను. ఆ మాట పట్టుకుని ఆయన దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాడు. నేను ముత్తి వైపు చూశాను. పిల్ల ఫ్యాను వైపే చూస్తూ పడుకుని ఉంది. పక్కన పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంది. నా మనసుకు ఎందుకో నచ్చలేదు. ఇంకొన్నాళ్లు ఉంచమని బతిమాలాను.

"నువ్వే అంటివి గదా డాక్టరమ్మా, జరం పోయిందని! రేపు మా ఊల్లె ఇత్తనాల పండుగ. నేను లేకుంటే మా ఇంటి వంతు ఇత్తనం తుండుగుడ్డల ఎవలు పడ్తరు? దాని తల్లి బాలెంత, అది కదల్లేదు," అన్నాడు తాత. ముత్తిని భుజానికెత్తుకుని తలుపు దాకా వెళ్లాడు కూడా.

దారిలో జ్వరం తిరగబెడితే ఆ అడవిలో బండి లేదు, మందు లేదు, పిల్ల దక్కదు. మేడం వైపు చూశాను. ఆవిడ కిటికీ దగ్గర బెంచీ మీద పల్లీలు ఒలుచుకుంటున్నారు. "నా దిక్కు చూడకు. ఈ పిల్ల నీ పేషెంటు. నేను పల్లీలు ఒలిచేదాన్ని," అన్నారు.

చదివిన చదువులో ఒక్క మాటా అక్కరకు రాలేదు. నోటికి వచ్చిందే అనేశాను. "తాతా, మీరు పోయి పండుగ చేసుకుని రండి. మీరొచ్చేదాకా ముత్తి దగ్గర నేనుంటాను."

"నువ్వా? డాక్టరువు. యాదో పని పడితే ఇడిసిపెట్టి పోతవ్."

"పోను. అప్పటిదాకా నేను డాక్టర్ని కాదు, మీ ముత్తి మనిషిని."

ఆయన తలుపు దగ్గర్నుంచి మళ్లీ లోపలికి వచ్చాడు. ముత్తిని నా చేతుల్లో పెట్టి, వాళ్ల భాషలో దాని చెవిలో ఏదో చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

తర్వాత మేడం రౌండ్స్‌కి వచ్చారు. అలవాటుగా లేచి నిలబడబోయాను. "కూసో, కూసో. అటెండెంట్లు లేవొద్దు. ఏమమ్మా, పిల్ల ఏం తిన్నది? ఒంటికి పోయిందా?" అని నిలదీశారు. నేను చార్టు అందుకోబోతే చేయి అడ్డుపెట్టి, "చార్టు నేను సదువుకుంట. నిన్ను అడుగుతున్న," అన్నారు. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. వార్డులో ఉన్న తల్లులంతా పగలబడి నవ్వారు. పక్క మంచం తల్లికి జాలేసి, జావను రెండు గ్లాసుల్లోకి మార్చి మార్చి పోసి ఎలా చల్లార్చాలో నేర్పింది.

ఆ సాయంత్రం ముత్తిని ఒళ్లో కూర్చోబెట్టుకుని జావ తాగిస్తున్నాను. ఒక చెంచా మింగుతుంది, ఆగి ఊపిరి తీసుకుంటుంది. మళ్లీ ఒక చెంచా, మళ్లీ ఆగుతుంది. మంచం కాళ్ల దగ్గర నిలబడి చూస్తే అది నాకు ఈ జన్మకు కనిపించేది కాదు. చొక్కా ఎత్తి చూస్తే డొక్కలు లోపలికి లాగుతున్నాయి. ఛాతీలో నెమ్ము చేరుతోంది. మేడంని కేక వేసి పిలిచాను. ఆవిడ మేకుకున్న స్టెతస్కోపు తెచ్చి నా చేతికే ఇచ్చారు. నేను విన్నాక తానూ విని, తల ఊపి, "మందు మొదలుపెట్టు," అన్నారు. పోతూ పోతూ నా దోసిట్లో ఒలిచిన పల్లీలు పోశారు. మెచ్చుకోవడమంటే ఆవిడకు అదే.

పండుగ ముగించుకుని తాత వచ్చేసరికి ముత్తి లేచి కూర్చుని ఉంది. ఆయన గబగబా వచ్చి దాని వీపు నిమిరాడు. సంగతంతా విన్నాడు. తుండుగుడ్డ ముడి విప్పి గుప్పెడు జొన్నలు తీసి, "మా ఇంటి మనుషులకు ఇచ్చేది ఇది. కొంగు పట్టు," అన్నాడు. నేను కొంగు పట్టానో లేదో, వెనకాల ఖంగున పళ్లెం మోగింది. తాత నావైపు తిరిగి మాట్లాడుతున్నాడని ముత్తికి కోపం వచ్చి విసిరేసింది. ఆ పళ్లెం బొంగరంలా తిరిగి తిరిగి మేడం కాళ్ల దగ్గర పడింది. సిగ్గుతో తాత చేయి ఎత్తాడు.

"ఆగు పెద్దాయనా, కొట్టకు!" మేడం కేకకు ఆసుపత్రి అంతా అదిరింది. "రాయ్ తల్లీ! డిశ్చార్జ్ రాయ్!"

నేను ఏడుస్తూ రాశాను. నవ్వుతూ కూడా. అంతకుముందు నా ఎండీ పట్టా అందుకున్నప్పుడు కూడా అంత సంతోషం నాకు కలగలేదు.

కొన్నేళ్ల క్రితం, రిటైరై పాల్వంచలో ఉంటున్న మేడంకే నెమ్ము చేసింది. ఖమ్మం తీసుకొచ్చి మా ఆసుపత్రిలో చేర్చి, అటెండెంటుగా నేనే కూర్చున్నాను. పరీక్షలన్నీ బాగున్నాయి, పంపించేద్దామన్నారు మా వాళ్లు. నేను ఒప్పుకోలేదు. మేడం ఏది పెడితే అది తింటున్నారు, వచ్చినవాళ్లందరికీ థాంక్స్ చెబుతున్నారు. ఆవిడ అంత మర్యాదగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు, అందుకే భయమేసింది. అలా కొన్నాళ్లు గడిచాక ఒక ఉదయం, నేను చూస్తున్నానా లేదా అని ఓరకంట చూసి, స్టూలు మీది స్టీలు గ్లాసును ఒక్క వేలితో మెల్లగా అంచుకు నెట్టారు. ఇంకొంచెం నెట్టారు. ఖంగుమంది.

"చూస్తవేంది?" అన్నారు. "రాయ్."

ఇప్పుడు మా వార్డులో ఉన్నది ఆ గ్లాసే. పిల్లలకు అందే ఎత్తులో ఒక స్టూలు వేసి దాని మీద పెట్టాను. ఒంటినిండా సొట్టలే. ఈ ఉదయం కొత్త డాక్టరు దాన్ని తీసి జాగ్రత్తగా పై అరలో పెట్టబోయాడు.

"అక్కడ కాదు నాయనా," అని అందుకుని, మళ్లీ స్టూలు అంచునే పెట్టాను. "ముందు దీన్ని పడగొట్టిన పిల్లకు డిశ్చార్జ్ రాయి."