అర్థమైందండీ

మా వైపు జనం ఎంత మర్యాదస్తులో తెలియాలంటే తాడేపల్లిగూడెంలో ఇంగ్లీషు పాఠం చెప్పి చూడాలి. రైసుమిల్లు వెనక మేడ మీద నా తరగతి. డిగ్రీ చదివినవాళ్ళూ, ఏబీసీడీల దగ్గరే ఆగిపోయినవాళ్ళూ ఒకే గదిలో కూర్చునేవారు. చదవడం, రాయడం ఎలాగో నెట్టుకొచ్చేవారు గానీ, స్పీకర్లో మాటలు వినిపించేసరికి చాలామంది తెల్లమొహం వేసేవారు.

నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది కొల్లేరు వైపు నుంచి వచ్చే ఒకావిడ మీద. చేపల ఎగుమతి కంపెనీలో పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి చేపలు సర్దేది. వేళ్ళు మొద్దుబారి పెన్ను జారిపోయేది. అదే కంపెనీ ఆఫీసులో విదేశాల నుంచి వచ్చే ఫోన్లు అందుకునే ఉద్యోగం ఖాళీ అయింది. ఇంగ్లీషు విని అర్థం చేసుకునే పరీక్ష నెగ్గితే తనకే ఇస్తామన్నారట. ఆవిడకి చిన్నప్పటి నుంచీ ఎడమ చెవి సరిగా వినపడదు. అందుకని ముందు వరసలో కూర్చోబెట్టి, కుడిపక్కన మా ఊరి పురోహితులుగారి కోడల్ని కూర్చోబెట్టాను. తరగతిలో అందరికన్నా బాగా ఇంగ్లీషు వచ్చింది ఆ అమ్మాయికే.

ఆడియో వినిపించి "అర్థమైందా?" అంటే "అర్థమైందండీ" అని ఇద్దరూ తలూపేవారు. ప్రశ్న అడిగితే ఆవిడ సరిగ్గా జవాబు చెప్పేది. కోడలు మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆవిడ వైపు ఒరిగేది. సిగ్గేమో అనుకున్నాను. పొంగిపోయి పాఠాల వేగం పెంచాను. కనిపించినవాళ్ళందరికీ ఆవిడ గురించి గొప్పలు చెప్పాను.

పరీక్ష ఏలూరులో. నేనే తోడు వెళ్ళాను. అందరికీ హెడ్‌ఫోన్లు పెట్టి విడివిడిగా కూర్చోబెట్టారు. బయటికొచ్చాక ఆవిడ నా మొహం చూడలేకపోయింది.

"ఒక్క ముక్క తెలీలేదండీ."

"తరగతిలో అన్నీ చెప్పేవారు కదమ్మా!"

"కోడలుగారు చెవిలో తెలుగులో చెప్పేవారండీ. మొదట్నించీ అంతేనండీ."

మర్నాడు కోడల్ని నిలదీశాను. ఆ అమ్మాయి ఏమీ తొణకలేదు.

"మీరంత కష్టపడి చెబుతుంటే అర్థం కాలేదని మొహమ్మీద ఎలా అంటామండీ? మీరు చిన్నబుచ్చుకుంటారని నేనే చెప్పొద్దన్నానండీ."

నా ఒళ్ళు మండిపోయింది. మర్యాదగా మోసం చేసినవాళ్ళని తిట్టడానికి కూడా ఉండదు. అర్థం కాలేదని ఒక్క మాట అనుంటే స్పీకరు కుడిచెవి పక్కకి జరిపేదాన్ని. ముందు చదివించి, తర్వాత ముక్కలు ముక్కలుగా వినిపించేదాన్ని. నా కష్టం పోతే పోయింది, ఆవిడకి రావలసిన ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఇద్దరూ కలిసి నన్ను నమ్మించారన్న కోపం నాకు ఈరోజుకీ తగ్గలేదు.

కొన్నాళ్ళకి ఆవిడ మళ్ళీ వచ్చింది. ఇంకో ఖాళీ వస్తుందట, ఇంకో అవకాశం ఇస్తారట. ఈసారి ఒక్కర్తినే కూర్చోబెట్టి, స్పీకరు కుడిచెవి దగ్గర పెట్టాను.

"అర్థం కాకపోతే కాలేదనండి. నేనేమీ అనుకోను," అన్నాను.

"అలాగేనండీ," అంది.

ఆడియో బొత్తాం మీద వేలు పెట్టాను గానీ నొక్కలేదు. కిందనుంచి మిల్లు చప్పుడు తప్ప గదిలో ఏ మాటా లేదు. ఆడియో అయిపోయినట్టు కాసేపాగి అడిగాను.

"అర్థమైందా?"

ఆవిడ నా కళ్ళలోకి చూసి, ఎంతో ఆప్యాయంగా తలూపింది.

"అర్థమైందండీ."