తిరిగే చోట కొత్త నట్టు

మొన్న ఆదివారం మా మేనత్త పోయింది. నెల్లూరు ఆసుపత్రిలో, నిద్రలోనే. గొట్టాలు, కోతలు లేకుండా పోయిందని తెలిసి ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది.

తోటపల్లి గూడూరు వైపు రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు ఆమె చేతి మీదే నడిచేవి. ‘ఆడ మెకానిక్’ అని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. మెకానిక్ అనండి, చాలు.

అదురుకు వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉండే లాక్ నట్టును విప్పితే, తుడిచి, మళ్లీ బోల్టుకు వేళ్లతో ఎక్కించి చూసేది. నైలాన్ దగ్గర పట్టేసి ఆగితే దాచేది. చివరిదాకా జారిపోతే పాత ఇనుములోకే. దాచినవి కూడా గేట్లకూ స్టాండ్లకే. తిరిగే చక్రానికి ఎప్పుడూ కొత్తదే. బిగించాక నట్టుకీ బోల్టుకీ కలిపి గోళ్లరంగుతో ఒక గీత గీసేది. నట్టు కదిలితే గీత విరిగి కనబడుతుంది.

“బాగున్నదాన్ని పక్కన పెట్టించి కొత్తది కొనిపించడం కంపెనీల ఎత్తు” అని నేను ఎగిరేవాణ్ణి.

“కంపెనీని తిట్టుకో నాయనా, నేనొద్దన్నానా? మనిషి పక్కన తిరిగేదానికి మాత్రం పాతది పెట్టబాక.”

సమాధుల తోటలో మట్టి వేసి వస్తుంటే ఒక గుంట యజమాని కళ్లు తుడుచుకుంటూ అన్నాడు: “పోయిన వారం ఏరేటర్ చక్రం ఆగిపోయి రొయ్య పైకి తేలిపోతా ఉండింది. కొత్త నట్టు లేదు. పాతదే బిగించమన్నా. మారు మాట్లాడకుండా బిగించి కాపాడింది, మహాతల్లి.”

 ఆ చక్రం పక్కనే రోజూ నీళ్లలో పనిచేసేది అతని కూలీ ఖాదర్. ఈ దేశంలో యజమాని తొందరకు వాషరు ఎప్పుడూ కూలీవాడి ఎముకే! దారి పొడవునా ఆ యజమానిని తిడుతూనే గుంట దగ్గరికి వెళ్లాను.

ఖాదర్ మోటారు ఆపి నవ్వాడు. “ఆయమ్మ సంగతి నీకు తెలవదా అన్నా? పాతది పెట్టింది నిజమే. నెల్లూరు నుంచి కొత్తది వచ్చిందాకా గట్టు మీద కుర్చీ వేసుకోని నాకు కాపలా కూర్చునింది. ‘నీళ్లల్లో కాలు పెట్టావంటే కాళ్లిరగ్గొడతా’ అనింది. కొత్తది బిగించినాకే లేచింది.”

“మరి పాతది?”

“అదిగో, గేటుకి. పారేస్తే నువ్వు తిడతావని.”

వంగి చూశాను. కొత్త నట్టు మీద ఎర్రగీత, చేతి వణుకుతో కాస్త వంకరగా ఉంది. ఎక్కడా విరగలేదు.

ఖాదర్ స్విచ్ వేశాడు. చక్రం నీళ్లు ఎగజిమ్మింది. దాని పక్కనే అతను ఈల వేసుకుంటూ నడుంలోతు నీళ్లలోకి దిగాడు.